కాశ్మీర్ సరస్సుల బాట: ఓర్పు ఒక్కటే చాలదు



కొండలెక్కడం డబ్బున్నవాళ్ల సరదా అని మనలో చాలామంది అనుకుంటాం. మన అమ్మానాన్నలు కొండెక్కితే కట్టెల కోసమో, తునికాకు కోసమో, మేకలు కాయడానికో ఎక్కుతారు గాని ఊరికే చూసి రావడానికి ఎవరూ ఎక్కరు. అందుకే మేము ఆరుగురం పీజీ విద్యార్థులం 2024 ఆగస్టులో కాశ్మీర్ కొండల్లో వారం రోజులు నడిచి వస్తామంటే మా ఇళ్లల్లో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "అక్కడ మీకేం పని?" ఆరుగురిలో ఐదుగురం సంక్షేమ వసతి గృహాల్లో చదువుకున్నవాళ్లమే. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ వ్యాసం రాస్తున్నాం. ఆ బాట ఎలా ఉంటుంది, ఆ సరస్సులు ఎలా పుట్టాయి, ఆ రాళ్ల మీద, ఆ పలచని గాలిలో ఎలా నడవాలి అనే సంగతులతో పాటు, వసతి గృహాల్లో పెరిగిన మనం అక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన విషయం ఒకటి చెప్పాలని మా ఉద్దేశం.

బాట ఎక్కడుంది?

శ్రీనగర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో సోనామర్గ్ ఉంది. దాని పక్కనే ఉన్న షిట్కడి దగ్గర నడక మొదలై, నారానాగ్ అనే ఊరి దగ్గర ముగుస్తుంది. మొత్తం దాదాపు 70 కిలోమీటర్లు. మధ్యలో రోడ్డు లేదు, దుకాణం లేదు, ఆసుపత్రి లేదు. గుడారాలు, బియ్యం, పప్పు, గ్యాస్ అన్నీ గుర్రాల మీద వెంట తీసుకెళ్లాల్సిందే. మంచు కరిగే జూలై నుండి సెప్టెంబర్ మధ్య వరకే ఈ దారి నడకకు వీలుగా ఉంటుంది. మనకు వానలు దంచికొట్టే నెలలు అవే అయినా, పీర్ పంజాల్ కొండల వరుస అడ్డుగా ఉండడం వల్ల నైరుతి రుతుపవనాల జోరు అక్కడ తక్కువ.

తూర్పు కనుమల్లో ఎత్తైనదిగా మనం చదువుకున్న ఆర్మకొండ 1,680 మీటర్లు. ఈ నడక మొదలయ్యే చోటే సుమారు 2,700 మీటర్లు. అంటే మన ఎత్తైన కొండ శిఖరం కంటే వెయ్యి మీటర్లు పైన మొదటి అడుగు వేస్తాం. దారిలో నిచ్‌నై, గడ్‌సర్, జజ్ అనే మూడు కనుమలు దాటాలి. మూడూ నాలుగు వేల మీటర్ల స్థాయివే. వాటిలో గడ్‌సర్ కనుమ అన్నిటికన్నా ఎత్తు, సుమారు 4,200 మీటర్లు.

మొదటి రోజు దేవదారు జాతి చెట్లు, ఆ పైన భూర్జ చెట్లు కనిపిస్తాయి. పూర్వం తాళపత్రాల్లాగే రాతకు వాడిన భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. అవి దాటాక ఇక చెట్టు ఉండదు. గడ్డి, పూలు, రాయి, మంచు, నీళ్లు, అంతే. విషన్‌సర్, కృషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగబల్, నుంద్‌కోల్ అనే సరస్సులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. 'సర్' అంటే మన సరస్సే. 'గాడ్' అంటే కాశ్మీరీలో చేప. సత్‌సర్ అంటే ఏడు సరస్సులు.

కొండమీద చెరువు ఎలా పుట్టింది?

గడ్‌సర్ కనుమ ఎక్కుతూ వెనక్కి తిరిగి చూస్తే విషన్‌సర్, కృషన్‌సర్ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. పైది కృషన్‌సర్, కిందది విషన్‌సర్. పైదాని నీళ్లు కిందదానిలోకి దిగుతాయి. మన గొలుసుకట్టు చెరువులు గుర్తుకొచ్చాయి మాకు. అయితే వీటిని తవ్వింది మనుషులు కాదు, మంచు.

వేల ఏళ్ల క్రితం ఈ లోయలన్నీ హిమానీనదాలతో నిండి ఉండేవి. హిమానీనదం అంటే కదలని మంచుగడ్డ కాదు. తన బరువుకు తానే మెల్లగా కిందికి జారే మంచు ప్రవాహం. అది జారుతూ అడుగున ఇరుక్కున్న రాళ్లతో నేలను గీరుతుంది. వడ్రంగి చిత్రిక పట్టినట్టు శతాబ్దాల తరబడి గీరగా గీరగా కొండ ఒడిలో గుండ్రని గొయ్యి ఏర్పడుతుంది. మూడు వైపులా నిటారు గోడలు, ఒకవైపు తెరపి. భూగోళశాస్త్రంలో దీన్ని సర్క్ అంటారు. మంచు తాను మోసుకొచ్చిన రాళ్లను, మట్టిని ముందు భాగంలో కట్టలాగా పోసి వదిలేస్తుంది. దాని పేరు మొరెయిన్. వాతావరణం వేడెక్కి మంచు కరిగిపోయాక గొయ్యి మిగిలింది, కట్ట మిగిలింది, వాటి మధ్య నీళ్లు నిలిచాయి.

వరంగల్ దగ్గరి పాఖాల చెరువు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 13వ శతాబ్దంలో కాకతీయుల కాలంలో గుట్టల మధ్య ఉన్న తెరపిని చూసి, అక్కడ కట్ట పోసి, వాగు నీటిని ఆపారు. కొండల మధ్య నీరు నిలవాలంటే కట్ట ఎక్కడ ఉండాలో ఆ కట్టినవాళ్లకు తెలుసు. హిమాలయాల్లో అదే పనిని మంచు చేసింది. సరస్సు నిండి పొర్లే చోటు మన అలుగు లాంటిదే. అక్కడి నుంచే నదులు పుడతాయి. విషన్‌సర్ నుండి వెళ్లే నీరు కిషన్‌గంగా నదిలో చేరి, నియంత్రణ రేఖ దాటాక నీలం నది అనే పేరుతో పారి, ముజఫరాబాద్ దగ్గర జీలంలో కలుస్తుంది. గంగబల్ నీరు నుంద్‌కోల్ మీదుగా సింధ్ అనే ఉపనదిలో చేరి జీలంకే వెళుతుంది. ఇది పెద్ద సింధు నది కాదు, పేరు ఒకేలా ఉంటుంది.

ఆ నీళ్లు నీలం కలిసిన పచ్చ రంగులో ఉంటాయి. ఫొటోల్లో చూసి రంగు కలిపారనుకున్నాం గాని, నిజంగానే అలా ఉంటాయి. మంచు రాయిని గీరినప్పుడు పిండి కన్నా మెత్తని పొడి వస్తుంది. అది నీటిలో అడుగుకు చేరకుండా తేలుతూ ఉంటుంది. ఎరుపు కాంతిని నీరు పీల్చుకుంటుంది, నీలం, ఆకుపచ్చ కాంతిని ఈ పొడి చెదరగొట్టి మన కంటికి పంపుతుంది. రంగుకు కారణం అదే.

ఈ సరస్సులకు నీరిచ్చే మంచు మాత్రం ఏటేటా తగ్గుతోంది. కాశ్మీర్‌లోని కొలహోయ్ హిమానీనదం కొన్ని దశాబ్దాలుగా వెనక్కి తగ్గుతూ వస్తోందని శాస్త్రవేత్తల కొలతలు చెబుతున్నాయి. అక్కడి వరి పొలాలకు, ఆపిల్ తోటలకు ఎండాకాలంలో అందే నీటిలో ఈ కరిగే మంచు కూడా ఉంది. చెరువు ఎండితే ఊరు ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు.

రాళ్ల కుప్పల మీద నడక

కనుమల దగ్గరా, శిఖరాల కిందా కొండ వాలు మొత్తం విరిగిన రాళ్లతో కప్పి ఉంటుంది. దీన్ని స్క్రీ అంటారు. ఇది ఎలా వస్తుందో చూద్దాం. పగలు కరిగిన మంచునీరు రాతి పగుళ్లలోకి దిగుతుంది. రాత్రి గడ్డకడుతుంది. నీరు గడ్డకడితే దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. పగులు కొంచెం వెడల్పవుతుంది. ఇలా పగలూ రాత్రీ, ఏళ్ల తరబడి జరిగితే ఎంత పెద్ద బండైనా ముక్కలు కావలసిందే. ఆ ముక్కలన్నీ జారి కింద కుప్ప పడతాయి.

రోడ్డు పని దగ్గర లారీ కంకర దించినప్పుడు గమనించండి. కుప్ప ఒక వాలు వరకే నిలబడుతుంది. ఇంకా పోస్తే జారిపోతుంది. స్క్రీ వాలు కూడా అంతే, సుమారు 35 డిగ్రీల దగ్గర నిలిచి ఉంటుంది. అంటే అది జారడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉన్న కుప్ప. దాని మీద మనం అడుగు వేస్తున్నాం. కంకర కుప్ప ఎక్కి ఆడుకున్న పిల్లలకు రెండడుగులు పైకి వేస్తే ఒకడుగు కిందికి రావడం తెలిసిన విషయమే.

అక్కడ పాటించవలసినవి ఇవి. అడుగులు చిన్నవిగా వేయాలి. ఎక్కేటప్పుడు పాదం మొత్తం ఆనించి, బరువు మెల్లగా మార్చాలి. దిగేటప్పుడు మడమను ముందు దించాలి, వెనక్కి వాలకూడదు. ఒకరి నెత్తిమీద ఒకరు వచ్చేలా నిలువుగా నడవకూడదు. పై మనిషి కాలు తగిలి రాయి దొర్లితే కింది మనిషికి తగులుతుంది. రాయి కదిలిన మరుక్షణం "రాయి!" అని గట్టిగా అరవాలి. పెద్ద బండల మీద దాటేటప్పుడు ముందు కాలితో తట్టి చూసి, కదలకపోతేనే బరువు పెట్టాలి. సత్‌సర్ తరువాత ఇలాంటి బండల దారి చాలాసేపు ఉంటుంది. కనుమలను పొద్దున్నే బయలుదేరి మధ్యాహ్నం లోపల దాటేయాలి. మధ్యాహ్నం తరువాత కొండల మీద మబ్బు పట్టడం, వాన, ఉరుములు మామూలు. తడిసిన రాయి మీద ఎంతటి బూటైనా జారుతుంది.

గాలి పలచబడితే

పైకి వెళితే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం తగ్గదు, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. గడ్‌సర్ కనుమ ఎత్తులో ఒత్తిడి సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో సుమారు 60 శాతమే. అంటే అక్కడ పది ఊపిరులకు వచ్చే ఆక్సిజన్ విశాఖపట్నంలో ఆరు ఊపిరులకు వచ్చేంతే. అందుకే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇది బలహీనత కాదు. ఎంత బలవంతుడికైనా జరుగుతుంది.

వంటలోనూ తేడా తెలుస్తుంది. విషన్‌సర్ దగ్గర నీళ్లు 100 డిగ్రీలకు కాక సుమారు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంతసేపు మరిగినా పప్పు ఉడకదు. ప్రెషర్ కుక్కర్ లేనిదే అక్కడ వంట లేదు. చలి సంగతి కూడా ఇంతే. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది.

శరీరం పలచని గాలికి అలవాటు పడగలదు, కాని దానికి సమయం ఇవ్వాలి. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటును రోజుకు 500 మీటర్ల కన్నా ఎక్కువ పెంచకూడదని వైద్యుల సూచన. ఈ బాటలో మొదటి రోజే సోనామర్గ్ నుండి నిచ్‌నై వరకు దాదాపు 800 మీటర్లు ఎక్కేస్తాం. అందుకే ముందుగా సోనామర్గ్‌లో ఒకటి రెండు రాత్రులు ఉండడం, విషన్‌సర్ దగ్గర ఒక రోజు ఆగడం తప్పనిసరి. ఆ రోజును కొందరు వృథా అనుకుంటారు. నిజానికి ఆ రోజు మన ఒంట్లో పని జరుగుతూనే ఉంటుంది.

అలవాటు పడకపోతే వచ్చేది ఎత్తు జబ్బు. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం దీని మొదటి గుర్తులు. ఆ దశలో అక్కడే ఆగి విశ్రాంతి తీసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. పట్టించుకోకుండా ఇంకా పైకి వెళితే ప్రాణం మీదికి వస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే కూర్చున్నా ఆయాసం, దగ్గు వస్తాయి. మెదడు వాస్తే మాట తడబడుతుంది, తిన్నగా గీత మీద నడవలేరు. ఈ గుర్తులు కనిపిస్తే రాత్రయినా, వానయినా వెంటనే కిందికి దించాలి. మాత్రలు, ఆక్సిజన్ సిలిండర్ సాయపడతాయి గాని, అసలు వైద్యం కిందికి దిగడమే.

బాధ దాచుకోవద్దు

మేము ముఖ్యంగా చెప్పదలచింది ఇది.

వసతి గృహంలో మనం నేర్చుకునే మొదటి విద్య ఓర్చుకోవడం. జ్వరం వస్తే దుప్పటి కప్పుకుని పడుకుంటాం. అన్నం బాగాలేకపోతే నీళ్లు తాగి సరిపెట్టుకుంటాం. ఇంటికి ఫోన్ చేస్తే "బాగున్నాను" అనే చెబుతాం. చెబితే అమ్మ కంగారు పడుతుంది, కూలి మానుకుని వస్తుంది, ఛార్జీలు దండగ. ఇదంతా మన అందరికీ తెలిసిందే. ఈ ఓర్పే మనల్ని ఇంతవరకు చదివించింది. దాన్ని మేము తక్కువ చేయడం లేదు. బరువు మోస్తూ ఆరేడు గంటలు నడవడంలో, చల్లటి నీళ్లతో మొహం కడుక్కోవడంలో, పెట్టింది తినడంలో మా ఐదుగురికి ఏ ఇబ్బందీ కాలేదు.

కాని అదే అలవాటు అక్కడ ప్రమాదమైంది. నిచ్‌నై దగ్గర రాత్రి మాలో ఒక మిత్రుడికి తలనొప్పి మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అలాగే కనుమ దాటాడు. విషన్‌సర్ చేరాక అన్నం ముందు కూర్చుని కెలకడం చూసి మా గైడ్ పట్టుకున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "నా ఒక్కడి వల్ల మీ అందరి నడక ఆగిపోతుందేమోనని" అన్నాడు. ఆ మాట మాకు కొత్త కాదు. మనందరం ఎప్పుడో ఒకప్పుడు అనుకున్నదే. ఆ రోజూ, మర్నాడూ అక్కడే ఆగాం. తగ్గింది. తగ్గకపోతే కిందికి దింపేవాళ్లమని గైడ్ స్పష్టంగా చెప్పాడు. అప్పటి నుండి రోజూ పొద్దునా సాయంత్రం ఒకరినొకరం నాలుగు ప్రశ్నలు అడిగాం. తలనొప్పి ఉందా? తిన్నావా? నిద్ర పట్టిందా? వికారంగా ఉందా? "బాగున్నాను" అనే జవాబు చెల్లదని నియమం పెట్టుకున్నాం.

ఇంకొక ముఖ్య విషయం. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే రక్తపు లోపం ఎక్కువగా కనిపిస్తుంది. ఆక్సిజన్ తక్కువైనప్పుడు ఈ లోపం ఉన్నవారి ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి రక్తనాళాల్లో అడ్డుపడతాయి. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవారికి కూడా ఎత్తైన చోట్ల ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. కొండల సంగతి ఎలా ఉన్నా ఆ పరీక్ష చేయించుకోండి. రక్తహీనత ఉన్నవారు కూడా వైద్యుడిని అడగకుండా ఇలాంటి నడకకు బయలుదేరవద్దు.

అక్కడి మనుషులు

మనం సాహసం అనుకునే ఈ దారి కొందరికి ఏటేటా నడిచే బతుకు దారి. గుజ్జర్లు, బకర్వాల్‌లు ఎండాకాలం రాగానే మేకలు, గొర్రెలు, గుర్రాలతో, పిల్లాపాపలతో జమ్మూ వైపు పల్లపు ప్రాంతాల నుండి ఈ పచ్చిక బయళ్లకు వస్తారు. చలి మొదలయ్యే ముందు తిరిగి దిగిపోతారు. 1991లో వీరిని షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చారు. వలస వెళ్లే పిల్లల కోసం అక్కడ కాలానుగుణ బడులు ఉన్నాయి. గుజ్జర్, బకర్వాల్ విద్యార్థుల కోసం ప్రభుత్వ వసతి గృహాలూ ఉన్నాయి. మనలాంటి వసతి గృహాల్లోనే అక్కడి పిల్లలూ చదువుకుంటున్నారని తెలిసి మాకు ఎంతో సంతోషమైంది.

జజ్ కనుమ మీద నిలబడితే గంగబల్, నుంద్‌కోల్ రెండూ, వాటి పైన హర్ముఖ్ శిఖరం కనిపిస్తాయి. హర్ముఖ్ ఎత్తు 5,142 మీటర్లు. 1856లో థామస్ మాంట్‌గోమరీ అనే సర్వే అధికారి ఈ కొండ మీది నుండే రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని కారకోరం శిఖరాలను చూసి, కే1, కే2 అని గుర్తులు పెట్టాడు. ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరానికి ఆ కే2 అనే గుర్తే పేరుగా స్థిరపడింది. గంగబల్ కాశ్మీరీ పండితులకు పవిత్ర తీర్థం. నడక ముగిసే నారానాగ్‌లో 8వ శతాబ్దం నాటి రాతి ఆలయాల శిథిలాలు ఉన్నాయి. చివరి రోజు అక్కడికి దిగడం చాలా నిటారుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష, దిగేటప్పుడు మోకాళ్లకు పరీక్ష.

ముందు ఏం చేయాలి?

రెండు నెలల ముందు నుంచే రోజూ పరుగు, మెట్లెక్కడం మొదలుపెట్టాలి. చివరి నెలలో పుస్తకాలు నింపిన సంచితో ఎక్కాలి. హవాయి చెప్పులతో పెరిగిన మన పాదాలకు బూట్లు కొత్త. కొత్త బూట్లతో నేరుగా కొండెక్కితే రెండో రోజుకే బొబ్బలు లేస్తాయి. నెల ముందు నుండి వాటితోనే తిరగాలి. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. త్వరగా ఆరే బట్టలు, పైన ఉన్ని, ఆ పైన వాన కోటు ఉండాలి. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా మరిగించే తాగాలి. తెచ్చిన ప్లాస్టిక్ అంతా తిరిగి తేవాలి.

దారిలో సైన్యం తనిఖీలు ఉంటాయి కాబట్టి గుర్తింపు కార్డు తప్పనిసరి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దాడి జరిగాక కాశ్మీర్‌లో అనేక పర్యాటక స్థలాలను మూసివేసి, తరువాత విడతలుగా తెరిచారు. కాబట్టి ఎప్పుడు వెళ్లాలనుకున్నా అనుమతుల సంగతి ముందే కనుక్కోవాలి. గైడ్ లేకుండా వెళ్లవద్దు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మేము ఏడాదిపాటు కొద్దికొద్దిగా దాచుకుని, స్లీపర్ బోగీలో ప్రయాణం చేసి వెళ్లాం. అందరికీ అది వీలుకాదు. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే చేరండి, క్యాడెట్లకు ట్రెక్కింగ్ శిబిరాలు, పర్వతారోహణ కోర్సుల అవకాశాలు వస్తాయి. యూత్ హాస్టల్స్ అసోసియేషన్ తక్కువ రుసుముతో ట్రెక్కింగ్ శిబిరాలు నడుపుతుంది. డార్జిలింగ్, ఉత్తరకాశీ, పహల్గాంలలో ప్రభుత్వ పర్వతారోహణ సంస్థలు ఉన్నాయి.

మన సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వ్యవసాయ కూలీల బిడ్డ. 2022 నాటికి ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ ఎక్కింది. వాళ్ల శిక్షణ మొదలైంది భువనగిరి గుట్ట మీద. ఆ తరువాత డార్జిలింగ్, ఆ తరువాత లడఖ్. అంచెలంచెలుగా నేర్పితే మన పిల్లలు ఎంత ఎత్తైనా ఎక్కుతారని అప్పుడే తేలిపోయింది.

"అక్కడ మీకేం పని?" అని మా ఇళ్లల్లో అడిగారని మొదట చెప్పాం. పాఠ్యపుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన సర్క్, మొరెయిన్ అనే మాటల మీద మా కాళ్లతో నడిచాం. ఈ దేశంలోని కొండలు, నదులు చూసి అర్థం చేసుకోవడం కూడా చదువుకున్నవాడి పనే. మొదటి తరం చదువుకున్నవాళ్లమైన మనకు ఆ పని ఇంకా ఎక్కువ ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాశ్మీర్ దాకా ఇప్పుడే వెళ్లనక్కరలేదు. మీ ఊరి పక్క గుట్టతో మొదలుపెట్టండి. ఈ రాత్రి మీ గదిలో ఎవరైనా అన్నం తినకుండా దుప్పటి కప్పుకుని పడుకుంటే మాత్రం దగ్గరికి వెళ్లి ఆ నాలుగు ప్రశ్నలు అడగండి. "బాగున్నాను" అంటే వదిలిపెట్టకండి.